రాసేశాం సార్, చూడటమే తరువాయి

బీఈడీ ఒకప్పుడు ఏడాది చదువు. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014లో నిబంధనలు మార్చి, మరుసటి ఏడు నుంచి దాన్ని రెండేళ్లు చేసింది. కాబోయే అయివార్లు బడి ముఖం సరిగా చూడటం లేదు, మొదటి ఏడు నాలుగు వారాలు, రెండో ఏడు పదహారు, మొత్తం 20 వారాలు బడిలో గడపాలి అంది. మంచి మాటే. ఆ 20 వారాలను మనవాళ్లు రెండు రాత్రుల్లో ముగించే పద్ధతి కనిపెట్టారు. ఇప్పుడు కొందరికి మళ్లీ ఏడాది బీఈడీయే చాలునని 2025లో ఒక ముసాయిదా వచ్చింది. రెండు రాత్రుల పనికి రెండేళ్లెందుకని ఢిల్లీవాళ్లకూ తోచినట్టుంది.

ఆ పద్ధతికి కావలసిన సరంజామా పెద్దదేం కాదు. పొడుగాటి రికార్డు పుస్తకాలు, బ్రౌన్ షీటు, శీర్షికల కింద గీతలకు స్కెచ్ పెన్నులు, ఒక సీనియర్ రికార్డు. ఈ చివరిదే ప్రాణం. సీనియర్ దాన్ని తన సీనియర్ దగ్గర, ఆయన తనకు ముందువాడి దగ్గర తెచ్చుకున్నాడు. గురుశిష్య పరంపర ఈ దేశంలో చెక్కుచెదరకుండా మిగిలింది ఇక్కడే. మూలపురుషుడు తొందరలో ఒక పాఠానికి ఆదివారం తేదీ వేశాడనుకోండి, నాలుగు తరాలుగా ఆ పాఠం ఆదివారమే జరుగుతుంది, పిల్లలు నూటికి నూరుమంది హాజరవుతారు.

రామకుప్పం మండలంలో ఏదో ఒక హైస్కూలు అనుకుందాం. పాఠం ఆహారం, పోషకాలు. పాఠ్య పథకంలో ‘ప్రేరణ’ అని ఒక గడి. ఉపాధ్యాయ కృత్యం ఒక పక్క, విద్యార్థి కృత్యం ఇంకో పక్క. పొద్దున ఏం తిన్నారు? ఇడ్లీ. ఇడ్లీ దేనితో చేస్తారు? బియ్యం, మినప్పప్పు. బియ్యంలో ఏముంటుంది? పిండిపదార్థాలు. అయితే ఈరోజు మనం పోషకాల గురించి తెలుసుకుందాం. శీర్షికా ప్రకటన అయిపోయింది, నల్లబల్ల మీద అక్షరాలు పడ్డాయి. పిల్లలు ఇంత బాగా సహకరించేది కాగితం మీదనే.

తరగతిలో సంగతి వేరు. “సంగటి సార్” అన్నాడు ముందు బెంచీవాడు. “మా ఇంట్లోనూ అదే సార్.” మూడో పిల్ల అరవంలో ఏదో అని నవ్వింది. పక్కపిల్ల దానికి కన్నడంలో ఇంకోటి కలిపింది. కుప్పం ప్రాంతమంటే మూడు రాష్ట్రాలు ఒరుసుకునే చోటు, ఒక్క బెంచీ మీద మూడు భాషలు కూర్చోవడం ఇక్కడ వింత కాదు. ఇంకొకడు “తిన్లా సార్” అని తల దించుకున్నాడు. మన ఛాత్రోపాధ్యాయుడికి చెమటలు పట్టాయి. పథకంలో ఉన్నది ఇడ్లీ. “ఇడ్లీ తిన్నోళ్లు ఒక్కరూ లేరా?” అని దీనంగా అడిగాడు. వెనకనుంచి జవాబొచ్చింది: “ఆదివారం తిన్యాం సార్!”

ఇడ్లీ కన్నా సంగటి నుంచే పోషకాలకు దారి దగ్గర. సంగటి చేసే రాగుల్లో పిండిపదార్థాలకు తోడు కాల్షియం దండిగా ఉంటుంది, బడిలో పోసే జావా అదే. అరవంలో నవ్విన పిల్లను పిలిచి మీ ఇంట్లో దీన్నేమంటారని అడిగుంటే పాఠం తనంతట తానే నడిచేది. తిననివాడి దగ్గర ఇంకా పెద్ద పాఠం ఉంది. ఇవేవీ రికార్డులో లేవు కనుక జరగలేదు. ఆ రాత్రి ‘ఆత్మ పరిశీలన’ గడిలో పడింది ఇదీ: విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు, లక్ష్యాలు నెరవేరాయి, సమయపాలన మరికొంత మెరుగుపరచుకోవాలి. చివరి ముక్క వినయం కోసం. అన్ని రికార్డుల్లోనూ ఉంటుంది, ఏటా మెరుగుపరచుకుంటూనే ఉంటారు.

ఈ గళ్లకు పెద్ద వంశమే ఉంది. జర్మనీలో హెర్బార్ట్ అనే తత్వవేత్త పాఠానికి నాలుగు దశలు చెబితే, శిష్యులు అయిదు చేశారు. మన కాలేజీలు లక్ష్యాలు, స్పష్టీకరణలు, బోధనోపకరణాలు, మూల్యాంకనం అంటూ అడ్డగీతలూ నిలువుగీతలూ చేర్చుకుంటూ పోయాయి. 1963లో స్టాన్‌ఫర్డ్ నుంచి మైక్రోటీచింగ్ బయల్దేరింది. దాన్ని మనవాళ్లు 36 నిమిషాల చక్రంగా బిగించారు. ఆరు నిమిషాలు చెప్పు, ఆరు నిమిషాలు విమర్శ విను, పన్నెండు నిమిషాల్లో పథకం దిద్దుకో, మళ్లీ ఆరు చెప్పు, మళ్లీ ఆరు విను. అమలులో ఏం జరుగుతుందంటే, మీసాలున్న ఎనిమిదో తరగతి పిల్లలు, అంటే తోటి ఛాత్రోపాధ్యాయులు, అయిదారుగురు బెంచీలో కూర్చుని “తెలియదు టీచర్” అని ముద్దుగా అంటారు. మరుక్షణం వాళ్లకు తెలిసిపోతుంది. ‘పునర్బలనం’ కింద వెరీగుడ్ పడుతుంది. అడుగడుగునా ఇంత విజయం రుచి చూసినవాడికి రామకుప్పం పిల్లకాయల ముందు చెమట పట్టదా మరి?

బడి తప్పు లేదా అంటే, ఉంది. ఛాత్రోపాధ్యాయుడు గేటు దాటగానే హెచ్‌ఎం ముఖం వెలిగిపోతుంది. “వచ్చినావా నాయనా! ఏడో తరగతికి సార్ లేడు, పో.” బడిలో తనకు మెంటర్‌గా ఉన్న టీచరు చెప్పే పాఠాన్ని అతను వెనక బెంచీలో కూర్చుని గమనించాలన్నది నియమం. ఆ మెంటరేమో ఏదో యాప్‌లో ఏదో ఎక్కిస్తుంటాడు. నిన్నమొన్నటి దాకా మరుగుదొడ్ల ఫొటోలు కూడా ఆయనే తీశాడు. చూడటానికి వచ్చినవాడికి చూసేందుకు పాఠమే లేకపోతే పరిశీలన రికార్డు ఎక్కణ్నుంచి వస్తుంది? సీనియర్ దగ్గర్నుంచి వస్తుంది.

బడికి వచ్చి చెమటలు పట్టినవాడు నయం. కాలేజీకి రాకుండానే పట్టా పుచ్చుకునే ‘నాన్ అటెండింగ్’ అనే పై తరగతి ఒకటుంది. దేశంలో విడిగా నడిచే 10,000కు పైగా ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో ఎక్కువ భాగం శిక్షణ జోలికి పోకుండా పట్టాలు అమ్ముకుంటున్నాయన్న మాట ఎవరో గిట్టనివాళ్లది కాదు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ వర్మ కమిషన్ 2012లో తేల్చిందంటూ 2020 జాతీయ విద్యా విధానం స్వయంగా రాసుకుంది. ఈ సంగతి ఎత్తితే సిద్ధంగా ఒక సమాధానం ఉంటుంది: “అసలు పని ఉద్యోగంలో చేరాక అదే వస్తుంది లెండి.”

రామకుప్పం మండలంలోనే ననియాల దగ్గర కుంకీల, అంటే తర్ఫీదు పొందిన ఏనుగుల, శిబిరం పెట్టారు. కౌండిన్య అడవి నుంచి మంద పంట మీద పడితే దాన్ని మళ్లించడానికి జయంత్, వినాయక్ అనే కుంకీలను దింపేవారు. “ఈ కుంకీ నాన్ అటెండింగ్, శిబిరానికి రాలేదు, రికార్డు మాత్రం బ్రహ్మాండం, పనిలో దిగాక అదే నేర్చుకుంటుంది” అని అటవీశాఖ ఒకదాన్ని తోలుకొస్తే రైతు ఒప్పుకుంటాడా? చెరుకుతోటకు ఒప్పుకోనిది తరగతి గదికి సులువుగా చెల్లిపోతోంది. నష్టపరిహారం అడిగే రైతు అక్కడ లేడు.

ఉద్యోగమిచ్చే చోటైనా అడుగుతారా? 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు. కంప్యూటర్ ముందు నాలుగు జవాబుల్లో సరైనది నొక్కాలి. హెర్బార్ట్ దశల వరస వచ్చుండాలి. పది నిమిషాలు పాఠం చెప్పి చూపించవయ్యా అనేవాళ్లు లేరు. అందుకే రికార్డు రాసేవాణ్ని మరీ తిట్టబుద్ధి కాదు. అడగనిదాన్ని ఎవరు మాత్రం నేర్చుకుంటారు?

నిజంగా చూడాలనుకున్నవాళ్లకు ఈ సీమలో చూసేందుకేం కొదవ లేదు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల్లో ఒకే అయివారు అన్ని తరగతులనూ నడిపే బడుల కోసం ఒక పద్ధతి కట్టారు. పిల్లలు కార్డుల నిచ్చెన మీద ఎవరి వేగంతో వాళ్లు ఎక్కుతారు. మైసూరు జిల్లా హెచ్‌డీ కోటె టీచర్లు ఇక్కడికి వచ్చి చూసి పోయి, 1995లో ‘నలి కలి’ మొదలుపెట్టారు. తమిళనాడు కూడా వచ్చి చూసి నేర్చుకుపోయింది. ఇరుగుపొరుగు రాష్ట్రాలవాళ్లు బస్సెక్కి వచ్చి చూశారు. మనవాళ్లకు జెరాక్సు సెంటరు దగ్గర.

గుజరాత్‌లో గిజుభాయి బధేకా అని ఒకాయన ఉండేవాడు. ఆయన ‘దివాస్వప్న’లో కథ చెప్పే అయివారు ఎన్నో ఆలోచించుకుని మొదటిరోజు తరగతికి వెళ్తాడు. తలుపులు వేయించి మౌనం ఆట ఆడిద్దామని చూస్తే పిల్లలు గోల చేసి దాన్ని నాశనం చేస్తారు. చేసేది లేక సెలవిచ్చి పంపేస్తే హెడ్మాస్టరు మందలిస్తాడు. తాను వేసుకున్న పథకం పనికిరాలేదని ఒప్పుకుని, మర్నాడు కథతో మొదలుపెడతాడు.

ఆ పుస్తకాన్ని మన కాలేజీలో రికార్డుగా సమర్పిస్తే పరిశీలకుడి ఎర్రసిరా ఇలా ఉంటుంది: ప్రేరణ లోపించింది. లక్ష్యాలు నెరవేరలేదని అభ్యర్థే రాసుకున్నాడు. తరగతి నిర్వహణ అసంతృప్తికరం. శీర్షికల కింద గీతలు లేవు. అట్ట వేసి, సీనియర్ల రికార్డు చూసి, తిరిగి రాసుకు రావలెను.