పదివేల కిష్కింధలో వాలిసుగ్రీవులు

రెండు వస్తువుల మధ్య తేడా ఉన్నప్పుడే వాటిని పోల్చవలసిన అవసరం కలుగుతుందని లోకం నమ్ముతూ ఉండగా, తేడా ఎంత తగ్గితే పోలిక అంత పెరుగుతుందని భారతదేశంలోని చవక స్మార్ట్‌ఫోన్ల విపణి ఏనాడో నిరూపించింది. ఈ సిద్ధాంతాన్ని పరీక్షించదలచిన వారికి 2023 డిసెంబరు నెల ఒక ప్రయోగశాల వంటిది. ఆ నెల 6వ తేదీన రెడ్‌మి 13సి 5జి, 22వ తేదీన పోకో ఎం6 5జి మన దేశంలో విడుదలయ్యాయి. ఒకదానికి 6.74 అంగుళాల తెర ఉండగా రెండవదానికి కూడా 6.74 అంగుళాల తెరే ఉంది. ఒకదానిని మీడియాటెక్ సంస్థవారి డైమెన్సిటీ 6100 ప్లస్ అనే చిప్ నడిపిస్తే, రెండవదానిని నడిపించే బాధ్యత కూడా ఆ చిప్‌పైనే పడింది. వెనుక 50 మెగాపిక్సెళ్ల కెమెరా, ముందు 5 మెగాపిక్సెళ్ల కెమెరా, లోపల 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ అనే త్రయం రెండింటికీ ఉమ్మడి ఆస్తి. ఇంతటి భేదం కళ్లెదుట ఉన్నందువల్లనే ‘ఏది మేలు?’ అన్న ప్రశ్నపై యూట్యూబ్‌లో పండిత చర్చలు జరిగాయి.

వాలిసుగ్రీవులు తొలిసారి తలపడినప్పుడు ఎవరు ఎవరో తెలియక రాముడు బాణం వదలలేకపోగా, సుగ్రీవుడు చావుదెబ్బలు తిని ఋష్యమూకానికి పరుగెత్తవలసి వచ్చిందని, మలివిడత యుద్ధానికి ముందు లక్ష్మణుడు గజపుష్పి తీగను అతడి మెడలో వేయవలసి వచ్చిందని రామాయణం తెలిసిన వారందరికీ విదితమే. నేటి విపణిలో ఆ తీగను బ్రాండు అంటున్నారు. అప్పట్లో తీగను చూసి బాణం వదలడం రాముడి వంతు అయితే, ఇప్పుడు దానిని చూసి డబ్బు వదలడం కొనుగోలుదారుడి వంతు అయింది. దెబ్బలు తినే పాత్ర కూడా అతడికే దక్కింది కనుక కథలో పొదుపు సాధించినట్టే.

ఈ అన్నదమ్ముల వంశవృక్షం అంత సంక్లిష్టమైనది కాదు. 2014లో భారతదేశానికి వచ్చిన షావోమి సంస్థ చవక ఫోన్లను రెడ్‌మి పేరుతో అమ్మింది. 2018 ఆగస్టులో ఎఫ్1 అనే ఫోనుతో పోకో అనే మరో పేరును రంగంలోకి దించింది. 2020 జనవరిలో పోకో ఇకపై స్వతంత్ర బ్రాండు అని ప్రకటించింది. రెడ్‌మి అంతకు ఏడాది ముందే, 2019 జనవరిలో, వేరు కాపురం పెట్టింది. ఇలా ఒకే ఇంటి నుంచి ఇద్దరూ బయటకు వచ్చి, స్వాతంత్ర్యాన్ని చాటుకోవడానికి ఒకే రకమైన ఫోను తయారు చేసుకున్నారు. ఉమ్మడి ఆస్తిని పంచుకోవడానికి తెలుగు జిల్లాల్లో తరాల తరబడి కోర్టుల చుట్టూ తిరిగిన కుటుంబాలు ఉండగా, ఆస్తిని పంచకుండానే ఇద్దరికీ మొత్తం దక్కేలా చేసిన ఈ పద్ధతిని న్యాయశాస్త్ర విద్యార్థులు పరిశీలించవలసి ఉంది.

ఇక పోలిక పట్టికలోకి దిగితే, మొదట ఎదురయ్యేది మెగాపిక్సెల్. బొమ్మలోని పది లక్షల చుక్కలను కలిపి ఒక మెగాపిక్సెల్ అంటారు. ఆ లెక్కన 50 మెగాపిక్సెళ్లంటే ఐదు కోట్ల చుక్కలు. అయితే ఈ తరగతి కెమెరాల్లో ఒక్కో చుక్క మరీ చిన్నదై వెలుతురును సరిగా పట్టుకోలేదు కనుక, నాలుగేసి చుక్కలను ఒకటిగా కలిపి, ప్రత్యేకంగా అడిగితే తప్ప పన్నెండున్నర మెగాపిక్సెళ్ల బొమ్మనే దాచి ఉంచడం ఆనవాయితీ. అలా దాచిన బొమ్మను ఏ తెరపై చూడాలో ఆ తెరకు 1600 నిలువు, 720 అడ్డం, అంటే సుమారు పదకొండున్నర లక్షల చుక్కలే ఉన్నాయి. ఐదు కోట్లతో మొదలై పదకొండున్నర లక్షలకు చేరే ఈ ప్రయాణం ప్రభుత్వ పథకాల నిధులు గ్రామానికి చేరే తీరును తలపించినా, ఇందులో నేరం ఏమీ లేదని గుర్తించాలి. ఆ వెనుక పలకమీదే ‘డ్యూయల్ కెమెరా’ అన్న బిరుదును నిలబెట్టడానికి మరో కటకం కూడా అమర్చారు. అది ఏం చేస్తుందన్న విషయంలో ప్రచార పత్రాలు సన్యాసుల మౌనాన్ని పాటించాయి.

ర్యామ్ విషయం ఇంతకంటె ఆధ్యాత్మికమైనది. పని జరుగుతుండగా ఫోను అప్పటికప్పుడు వాడుకునే తాత్కాలిక జ్ఞాపకశక్తికి ర్యామ్ అని పేరు. బొమ్మలు, పాటలు శాశ్వతంగా దాచుకునే చోటుకు స్టోరేజి అని పేరు. రెండవదానిలో కొంత భాగాన్ని మొదటిదానిలా నటింపజేస్తే దానిని వర్చువల్ ర్యామ్ అంటారు. అసలు ర్యామ్ వేగం ఈ నటుడికి రాదు. నేపథ్యంలో తెరిచి ఉంచిన యాప్‌లను కొంతసేపు మూతపడకుండా కాపాడగలిగితే అదే గొప్ప. అయినా 8 జిబి ర్యామ్ ఉన్న ఫోను ఈ నటన పుణ్యమా అని ప్రకటనల్లో 16 జిబి ఫోనుగా అవతరించింది. ఒకే జీతాన్ని రెండు జేబుల్లో పెట్టుకున్న గుమాస్తాకు రెండు జీతాలు ఉన్నాయని ఏ బ్యాంకూ అప్పు ఇవ్వదు గానీ, ఫోను కొనేవారికి మాత్రం ఈ గణితాన్ని అంగీకరించే ఉదారత్వం ఉంటుందని ప్రకటనకర్తలు సరిగానే అంచనా వేశారు. ఈ ఘనత కూడా ఇద్దరు సోదరులకూ సమానంగా ఉంది.

చార్జింగ్ దగ్గర విజ్ఞానం మరో మెట్టు ఎక్కింది. రెండు ఫోన్లూ 18 వాట్ల వేగంతో విద్యుత్తును స్వీకరించగలవని పెట్టె చెబుతుంది. ఆ పెట్టెలోనే ఉన్న చార్జర్ 10 వాట్లు మాత్రమే ఇవ్వగలదు. ఫోనుకు సామర్థ్యాన్ని ప్రసాదించి, ఆ సామర్థ్యాన్ని వాడుకునే సాధనాన్ని మాత్రం కొనుగోలుదారుడి పురుషకారానికి వదిలివేసిన ఈ ఏర్పాటులో కర్మ సిద్ధాంతపు పోకడ కనిపిస్తుంది. పది వాట్లతో బ్యాటరీ పూర్తిగా నిండడానికి రెండు గంటలు దాటుతుంది కనుక, ఈలోగా మరో రెండు పోలిక వీడియోలు చూసుకునే వెసులుబాటు ఉంది.

ఇంతదాకా వచ్చాక, అసలు తేడా లేదా అన్న సందేహం సహజం. ఉంది. వెనుక పలక రూపురేఖలు, రంగుల పేర్లు వేరు. రెడ్‌మికి స్టార్‌లైట్ బ్లాక్, స్టార్‌ట్రెయిల్ గ్రీన్, స్టార్‌ట్రెయిల్ సిల్వర్ అనే రంగులు ఉండగా, పోకో గెలాక్టిక్ బ్లాక్, ఒరయన్ బ్లూ అనే వాటితో వచ్చింది. ఒక్క నక్షత్రపు వెలుగులోని నలుపుకూ మొత్తం పాలపుంత నలుపుకూ గల అంతరం ఖగోళ శాస్త్రజ్ఞులు తేల్చవలసిన విషయం. అయితే ఫోను పెట్టె విప్పిన రోజే, హైదరాబాద్ ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ మొదలుకొని మండల కేంద్రంలోని బస్టాండు పక్క దుకాణం దాకా ఎక్కడో ఒకచోట, ముందు టెంపర్డ్ గ్లాసు, వెనుక పౌచ్ వేయించడం తెలుగు వినియోగదారుడి నిత్యవిధి. కింద పడితే మళ్లీ కొనే స్తోమత లేనివాడు ఈ విధిని తప్పడు. ఆ విధంగా రెండు ఫోన్ల మధ్య ఉన్న ఏకైక భౌతిక భేదం, కొన్న గంటలోపే నల్లటి రబ్బరు కింద సమాధి అవుతుంది.

ధరలో తేడా లేదా అంటే, అదీ ఉంది. 4 జిబి ర్యామ్, 128 జిబి స్టోరేజి గల రెడ్‌మిని రూ. 10,999కి, అదే కొలతల పోకోను రూ. 10,499కి ప్రకటించారు. ఒక ప్రైవేటు బ్యాంకు కార్డు చేతిలో ఉన్నవారికి ఇద్దరూ చెరి వెయ్యి రూపాయలు తగ్గించి, రూ. 9,999 అన్నది ఒకరు, రూ. 9,499 అన్నది మరొకరు పెద్ద అక్షరాల్లో వేసుకున్నారు. పదివేల లోపు అనే గీతను దాటించేది ఫోను కాదు, ఆ బ్యాంకు కార్డు. పది వేలకు మించి ఖర్చు పెట్టలేనివాడికి ఆ కార్డు సాధారణంగా ఉండదు. ఉన్నవాడు పది వేల దగ్గర ఆగడు. కనుక పేదవాడి కోసం నిర్ణయించిన ధర పేదవాడికి తప్ప అందరికీ అందుబాటులో ఉంటుంది. మొబైల్ ఫోన్లపై జీఎస్టీని 2020 ఏప్రిల్ 1 నుంచి 12 శాతం నుంచి 18 శాతానికి పెంచినందువల్ల, ఆ ప్రకటిత ధరల్లో చెరి రూ. 1,600 పైచిలుకు పన్నుగా పోతుంది. అన్నదమ్ములిద్దరిలో ఎవరు గెలిచినా ఓడని ఈ మూడవ పక్షాన్ని ఏ పోలిక పట్టికా ప్రస్తావించదు.

పోకోను ఫ్లిప్‌కార్ట్‌లోనూ, రెడ్‌మిని అమెజాన్‌లోనూ సొంత దుకాణాల్లోనూ పెట్టారన్న విషయాన్ని గమనిస్తే ఈ ద్వంద్వం దేనికోసమో కొంత బోధపడుతుంది. రెండు అంగళ్లకూ ‘ఈ సరుకు మా దగ్గరే దొరుకుతుంది’ అని చెప్పుకునే హక్కు కావాలి; సరుకు ఒకటే అయినప్పుడు పేర్లు రెండు కాక తప్పదు. 2024 మార్చిలో ఆ పోకోనే ఎయిర్‌టెల్ సిమ్‌తో ముడిపెట్టి రూ. 8,799కి అమ్మినప్పుడు, పేరు మార్చకుండానే మూడవ అంగడి తెరవవచ్చునని కూడా తేలింది.

షావోమి భారతదేశంలో తయారైన తన తొలి ఫోనును, అంటే రెడ్‌మి 2 ప్రైమ్‌ను, 2015 ఆగస్టులో విశాఖపట్నంలోనే ఆవిష్కరించిందని, దానిని శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ తయారు చేసిందని, దాని ధర రూ. 6,999 అని ఆంధ్రులు గర్వంగా చెప్పుకోవచ్చు. అప్పటికి దాని చవక ఫోన్లకు ఒకే పేరుండేది కనుక దానిని దాని తమ్ముడితో పోల్చి చూసే భాగ్యం వారికి దక్కలేదు.

తరువాతి తరం కవలలు 2024 చివర్లో వచ్చాయి: నవంబరులో రూ. 8,499కి రెడ్‌మి ఎ4 5జి, డిసెంబరులో రూ. 7,999కి పోకో సి75 5జి. ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పవలసి ఉంది. 5జి సేవ రెండు రకాలు: పూర్తిగా కొత్త వ్యవస్థపై తనంతట తాను నడిచేది ఎస్ఏ, పాత 4జి వ్యవస్థను ఆసరాగా చేసుకొని నడిచేది ఎన్ఎస్ఏ. జియో మొదటి దారిని ఎంచుకోగా, ఈ ఫోన్లు వచ్చేనాటికి ఎయిర్‌టెల్ 5జి ప్రధానంగా రెండవ దారిలో నడుస్తున్నది. ఈ కవలలు రెండూ ఎస్ఏను మాత్రమే అందుకుంటాయి. అంటే ఎయిర్‌టెల్ సిమ్ ఉన్నవాడు రెండింటిలో దేనిని కొన్నా, ఎన్ఎస్ఏ సేవ ఉన్న ఊళ్లో చేతికి వచ్చేది 4జియే. కొనేముందు తెలుసుకోవలసిన విషయం బహుశా ఇదొక్కటే. కానీ ఇది ఇద్దరికీ సమానమైన లోపం కనుక, తేడాలను మాత్రమే వెదికే పోలిక పట్టికలో దీనికి చోటు లేదు. అక్కడ 5జి అన్న వరుసలో రెండు ఫోన్లకూ ఎదురుగా పచ్చటి టిక్కు ఉంటుంది.