ముట్టినట్టు వేలిముద్ర

అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో ఒక గూడెం. పాతిక గడపలు కూడా ఉండవు. గూడెం పక్కనున్న పోడు మీదుగా 220 కేవీ లైను పోతుంది. వానాకాలం రాత్రుళ్ళు ఆ తీగలు జుయ్యిమని మోగుతుంటే గుడిసెల్లోకి వినిపిస్తుంది. తీగల కింద 35 మీటర్ల వెడల్పున చెట్టు ఎదగనివ్వరు, ఇల్లు లేవనివ్వరు. లైను వేసిననాడు పోయిన జీలుగు చెట్లనీ పనస చెట్లనీ ముసలివాళ్ళు ఇప్పటికీ పేరుపేరునా తలుచుకుంటారు. ఆ గూడెంలో మాత్రం చీకటిపడితే కిరోసిన్ బుడ్డే.

"తీగ మా మీంచే పోతోంది కదా బాబూ, ఒక్క కొస ఇటు లాగి ఇవ్వండి" అని ఒక మామ్మ కనబడ్డ ప్రతి లైన్‌మన్‌నీ అడిగేది. అడగడంలో తప్పేమీ లేదు. అయితే ఆ తీగలో ఉండేది 2,20,000 వోల్టులు. సబ్‌స్టేషన్లలో 132, 33, 11 కేవీలకు దించుకుంటూ వచ్చి, చివరికి ఊరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 230 వోల్టులు చేస్తేనే ఇంట్లో బల్బు వెలుగుతుంది. వాళ్ళకు దగ్గరున్న 11 కేవీ లైను కొండకు అవతలి ఊళ్ళో ఆగిపోయింది. కావలసిందల్లా కొండ దాటడానికి కొన్ని స్తంభాలు, ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్. లారీ ఎక్కే దారి లేదన్నప్పుడు, స్తంభాలు మేమే భుజాల మీద మోసుకొస్తామని గూడెం మగవాళ్ళు మాటిచ్చారు కూడా.

ఈ కొండలకు కరెంటు కొత్తది కాదు. మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి కరెంటు పుడుతోంది. దిగువ సీలేరు ఒక్కటే 460 మెగావాట్లతో కట్టిన కేంద్రం. నీళ్ళు ఇక్కడివి, మునిగిన నేల ఇక్కడిది. అందుకే కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ మీద నాకు గౌరవం. 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఆ సెక్షన్, పెద్ద కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలంటుంది. అందులోనూ తాము పనిచేసే చుట్టుపక్కల ఊళ్ళకు ముందు పెట్టమంటుంది.

ఆ పద్దులోంచే ఒక విద్యుత్ సంస్థ వాళ్ళు ఒక చలికాలంలో గూడేనికి వచ్చారు. జీపు ఆగినచోటి నుంచి నడిచి, అట్టపెట్టెలు నెత్తిన పెట్టించుకుని వచ్చారు. ఇంటికొక సోలార్ లాంతరు. వచ్చిన ఆఫీసరు మంచి మనిషి. కొండెక్కిన ఆయాసం తీరకముందే మామ్మ పక్కన నేల మీద కూర్చుని, లాంతరు ఎండలో ఎలా పెట్టాలో, ఏ మీట నొక్కాలో ఒకటికి రెండుసార్లు చూపించాడు. పోయేముందు రిజిస్టరు తీసి, లాంతరు ముట్టినట్టు అందరిచేతా వేలిముద్రలు వేయించుకున్నారు. మొదటి వేలు మామ్మదే.

లాంతర్లు పనికొచ్చాయి. ఆ సంగతి చెప్పకపోతే అన్యాయం. ఆ ఏడాది ఒక అర్ధరాత్రి కాన్పులో ఆశ కార్యకర్త లాంతరు వెలుగులోనే బిడ్డను అందుకుంది. రాత్రిపూట బయటికి పోవడానికి ఆడవాళ్ళు పాముపుట్రకు జడవడం తగ్గింది. ఆశ్రమ పాఠశాలలో చదివే మామ్మ మనవరాలు సెలవులకు వచ్చినప్పుడు పొద్దుపోయేదాకా పుస్తకం పట్టుకుని కూర్చునేది. కాకపోతే మన్యంలో ముసురు పట్టిందంటే రోజుల తరబడి ఎండ పొడ కనబడదు. రెండు వానాకాలాలు దాటేసరికి బ్యాటరీలు ఒక్కొక్కటే చచ్చాయి. బాగుచేసేవాడు సంతలో కూడా లేడు. మళ్ళీ బుడ్లు దించారు.

సరిగ్గా అప్పుడే కొండ అవతలి నుంచి లైను కదిలింది. పైనున్న గూడేలకు స్తంభాలు పోయాయి. వీళ్ళ దారి మలుపు దగ్గర మాత్రం ఒక్క గొయ్యి కూడా తవ్వలేదు. మామ్మ మనవరాలిని వెంటబెట్టుకుని, కొండ దిగి, జీపు పట్టుకుని కరెంటాఫీసుకు పోయింది.

"మా గూడెం మర్చిపోయినారు బాబూ" అంది.

గుమాస్తా విసుక్కోలేదు. ఫైలు తీసి, పేజీలు తిప్పి, ఒకచోట వేలు పెట్టాడు. "మర్చిపోలేదు మామ్మా. మీకు కరెంటు ఉన్నట్టే రాసుంది."

మనవరాలు వంగి చదివింది. గూడెం పేరుకు ఎదురుగా 'సౌరశక్తితో విద్యుదీకరించిన ఆవాసం' అని ఉంది. దాని వెనక లాంతర్ల రిజిస్టరు నకలు. అన్నిటికన్నా పైన మామ్మ వేలిముద్ర.

"అది చేత్తో పట్టుకునే లాంతరు సార్. అదీ ఇప్పుడు వెలగట్లేదు" అంది ఆ పిల్ల.

ఆ పిల్ల పట్టుకున్న తేడా చిన్నది కాదు. 1997 దాకా ఊరి పొలిమేరలో ఏ మోటారుకో ఒక్క కనెక్షన్ ఉన్నా ఆ ఊరికి కరెంటు వచ్చినట్టే లెక్క. 2004లో నిబంధన మార్చారు. ఊళ్ళో లైను, ట్రాన్స్‌ఫార్మర్, బడి లాంటి చోట్ల కరెంటు, నూటికి పది ఇళ్ళకు కనెక్షన్ ఉంటే చాలన్నారు. 2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లెయ్‌సాంగ్‌తో దేశంలో అన్ని గ్రామాలకూ కరెంటు చేరిందని ప్రకటించింది ఆ నిబంధన ప్రకారమే. మిగిలిపోయిన ఇళ్ళ కోసమే 2017లో సౌభాగ్య పథకం పెట్టారు. లైను చేరని మారుమూల ఇళ్ళకు 200 నుంచి 300 వాట్ల సౌర పలకలు, బ్యాటరీ, ఐదు బల్బులు, ఒక ఫ్యాను ఇవ్వాలని అందులో ఉండేది. అలాంటి ఇంటిని కరెంటున్న ఇల్లు అంటే ఒప్పుకోవచ్చు. గూడెం వాళ్ళ చేతిలో పెట్టింది ఒక లాంతరు. కాగితం మీద రెండూ 'సౌరశక్తి' అనే ఒకే గడిలో పడ్డాయి.

"మళ్ళీ సర్వే జరిగి, పైనుంచి మార్పు వస్తేనే నేను దిద్దగలను" అన్నాడు గుమాస్తా. మనవరాలు అక్కడికక్కడే అర్జీ రాసింది. మామ్మ వేలిముద్ర వేసే ముందు ఈసారి రాసిందంతా చదివించుకుని విన్నది.

అర్జీకి జవాబు రాకముందే వేరే కబురు వచ్చింది. లాంతర్లు ఇచ్చిన సంస్థ మళ్ళీ వస్తోందట. ఈసారి ఇంకా పెద్దవి, ఫోను కూడా చార్జింగు పెట్టుకోవచ్చట. సంతరోజున పంచుతారట. లైను వచ్చినప్పుడు వస్తుంది, ముందు ఈ వానలు గడిస్తే చాలనుకున్నారు గూడెంలో. చచ్చిన లాంతర్లు తుడిచి, సంచుల్లో వేసుకుని, తెల్లారకముందే కొండ దిగారు.

బల్ల దగ్గర కూర్చున్నది ఆ ఆఫీసరే. మామ్మను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు, కుర్చీ వేయించాడు. మామ్మ సంచిలోంచి లాంతరు తీసి బల్ల మీద పెట్టింది.

"నువ్వు నేర్పినట్టే ఎండలో పెట్టినాను బాబూ. అయినా ఆరిపోయింది."

ఆయన మీట నొక్కి చూశాడు. ఇంకోసారి నొక్కాడు. తర్వాత తన దగ్గరున్న జాబితాలో గూడెం పేరు కోసం పైనుంచి కిందికి వెతికాడు, వెనక్కి తిప్పి మళ్ళీ వెతికాడు. పక్కనున్న కుర్రాణ్ణి అడిగాడు. ఆ కుర్రాడు కరెంటాఫీసు నుంచి తెచ్చుకున్న కాగితం తెరిచి చూపించాడు. ఆఫీసరు చాలాసేపు తలెత్తలేదు.

"ఈసారి మీ గూడెం లేదు మామ్మా. ఇవి కరెంటు లేని ఊళ్ళకే."