వెయ్యి డాలర్ల జారుడుబండ

వారాంతపు స్కీయింగ్ యాత్ర అంటే, శుక్రవారం మధ్యాహ్నం ఒంట్లో బాగోలేదని చెప్పి ఆఫీసు నుంచి బయటపడ్డవాళ్లు సోమవారం పొద్దున నిజంగానే ఒంట్లో బాగోలేక తిరిగి రావడం. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో దీని సీజను సుమారుగా డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా. గమ్యం కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల సరిహద్దు మీద ఉన్న తాహో సరస్సు, దాని చుట్టూ ఉన్న సియెర్రా కొండలు. బే ఏరియాలోని ఫ్రీమాంట్, సన్నీవేల్, డబ్లిన్ ఊళ్ల తెలుగు ఇంజనీర్లలో ఈ యాత్ర ఒక్కసారైనా చేయనివాళ్లు అరుదు. చేసి ఫొటో పెట్టనివాళ్లు ఇంకా అరుదు.

దీనికి చెప్పుకునే ప్రయోజనాలు మూడు: ప్రకృతి ఒడిలో సేదతీరడం, ఒంటికి వ్యాయామం, స్నేహితులతో కలిసి గడపడం. మొదటి రెండూ ఎవరు ఎక్కడికి బయల్దేరినా చెప్పేవే కాబట్టి వాటిని పట్టించుకోనక్కర్లేదు. మూడోదాన్ని మాత్రం కాస్త నిలబెట్టి చూడాలి. స్నేహితులను ఒకచోటికి తీసుకెళ్లి విడదీయడానికి స్కీ కొండను మించిన ఏర్పాటు ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

స్కీయింగ్‌లోని మూలసూత్రం ఎత్తు నుంచి పల్లానికి జారడం. తెలుగునాట ఎలిమెంటరీ బడి ఆవరణలో సిమెంటు జారుడుబండ మీద పనిచేసేదీ ఇదే. అక్కడ ఖర్చల్లా లాగు వెనకభాగమే. సియెర్రాలో స్కీలు మొదట్లో వినోద వస్తువులు కూడా కావు. నార్వేలో పుట్టి కాలిఫోర్నియా చేరిన జాన్ థాంప్సన్ అనే రైతు 1856 నుంచి 20 ఏళ్ల పాటు, ప్రతి చలికాలం, ప్లేసర్‌విల్ నుంచి నెవాడాలోని జెనోవా దాకా దాదాపు 90 మైళ్లు టపా సంచి వీపున వేసుకుని పొడవాటి చెక్క స్కీల మీద కొండలు దాటేవాడు. పోవడానికి మూడు రోజులు, రావడానికి రెండు. జనం అతన్ని స్నోషూ థాంప్సన్ అని పిలుచుకున్నారు. ప్రభుత్వం మాత్రం ఆ పనికి జీతం ఇవ్వలేదు. ఇప్పుడు అవే కొండల మీద ఒక్క ఉత్తరమైనా మోయకుండా, ఏ ఊరికీ చేరకుండా, ఎక్కిన చోటికే మళ్లీ మళ్లీ ఎక్కి జారేవాళ్లు ఎదురు డబ్బు కడుతున్నారు.

ఈ మార్పుకు కారణం ఒక కుర్చీ. 1936లో అయిడహో రాష్ట్రంలోని సన్ వ్యాలీలో యూనియన్ పసిఫిక్ రైల్వే కంపెనీ జనాన్ని కుర్చీలో కొండపైకి ఎక్కించే స్కీ చైర్‌లిఫ్ట్‌ను ప్రపంచంలోనే మొదటిసారి నడిపింది. దాన్ని రూపొందించిన ఇంజనీరు జేమ్స్ కరన్ అంతకుముందు ఓడల్లోకి అరటి గెలలు ఎక్కించే యంత్రాల మీద పనిచేసినవాడు. గెల తగిలించే కొక్కేనికి కుర్చీ తగిలించాడు. గెలలు టికెట్టు కొనేవి కావు, దిగేచోట ఒకదాని మీద ఒకటి పడేవీ కావు. ఆ రెండు తేడాలూ పక్కన పెడితే యంత్రం అదే.

యాత్ర మొదలయ్యేది మంచు పడ్డాక కాదు, ఏడాది ముందు. వెయిల్ రిసార్ట్స్ కంపెనీ 2008లో ఎపిక్ పాస్ పేరుతో సీజన్ పాసును 579 డాలర్లకు ప్రవేశపెట్టింది. ఇప్పుడది వెయ్యికి అటూ ఇటూ ఉంది. పాసు లేకుండా పెద్ద రిసార్టు కిటికీ దగ్గరికి వెళితే ఒక్కరోజు టికెట్టు 200 డాలర్లు దాటడం వింత కాదు. ఆ కిటికీ ధర ఎవరూ కొనడానికి పెట్టింది కాదు, చేలో దిష్టిబొమ్మ లాంటిది. దాన్ని చూసి బెదిరినవాడు పాసు వైపు పరిగెత్తుతాడు. అయిదుసార్లు వెళితే గిట్టుబాటు అని లెక్క వేస్తాడు, ఆ లెక్క కోసం అయిదుసార్లు వెళతాడు. వెళుతున్నాడు కాబట్టి బూట్లు, జాకెట్టు, హెల్మెట్, కళ్లజోడు, కారు మీద పెట్టె కొంటాడు. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నవాడి కథ తెలుగువాళ్లకు కొత్త కాదు. ఇక్కడ నాడా కూడా కొన్నదే.

తర్వాతి దశ వాట్సాప్ గ్రూపు. ఎనిమిది మంది పట్టే కాబిన్‌ను పన్నెండు మంది కోసం తీసుకోవడం ఆనవాయితీ. రైస్ కుక్కర్ ఎవరు తేవాలి, ఆవకాయ ఎవరింట్లోది, బిర్యానీ ట్రే ఎక్కడ ఆర్డరివ్వాలి అనే మూడు అంశాల మీద చర్చ మూడు వారాలు నడుస్తుంది. కొండ మీద వాతావరణం గురించి ఒక్కరు అడుగుతారు, ఆ సందేశానికి బొటనవేలు బొమ్మ తప్ప జవాబు రాదు. ఖర్చులు పంచే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో చికెన్ తిననివాడి వాటాను మిగతా ఖర్చు నుంచి విడదీయడం ఒక ప్రత్యేక శాస్త్రం.

శుక్రవారం ప్రయాణం 200 మైళ్లకు కాస్త అటూ ఇటూ. రోడ్డు ఖాళీగా ఉంటే నాలుగు గంటలు. అయితే రోడ్డు ఖాళీగా ఉండే శుక్రవారం నాడు మంచు ఉండదు, మంచు ఉన్న శుక్రవారం నాడు రోడ్డు ఖాళీగా ఉండదు. 80వ నంబరు ఇంటర్‌స్టేట్ ఏడు వేల అడుగుల పైచిలుకు ఎత్తున డోనర్ సమ్మిట్ దగ్గర కొండ దాటుతుంది. ఆ పేరు 1846లో ఇల్లినాయ్ నుంచి బళ్లు కట్టుకుని కాలిఫోర్నియాకు బయల్దేరిన డోనర్ కుటుంబాలది. లాన్స్‌ఫర్డ్ హేస్టింగ్స్ అనే పెద్దమనిషి తాను నడిచి చూడకముందే పుస్తకంలో రాసేసిన ఒక దగ్గరి దారిని నమ్మి, 80 మందికి పైగా ఉన్న ఆ బృందం ఆలస్యమై, ఇక్కడి మంచులో చలికాలమంతా చిక్కుపడింది. దాదాపు సగం మంది పోయారు. మిగిలినవాళ్లలో కొందరు పోయినవాళ్లను తిని బతికారు. ఇప్పుడు రోడ్డు మూసినప్పుడు హేస్టింగ్స్ పాత్రను ఫోనులోని మ్యాపు పోషిస్తుంది: పక్క కొండదారిలో 40 నిమిషాలు ఆదా అంటుంది, నమ్మినవాళ్లు అక్కడ ఇరుక్కుంటారు. మిగతా విషయంలో మాత్రం ఇప్పటి బృందాలకు డోనర్ వాళ్ల గతి పట్టదు. డిక్కీలో పులిహోర ఉంటుంది.

కొండ ఎక్కేచోట రోడ్డు శాఖ మూడు మెట్ల నిబంధన పెట్టింది. ఆర్-1 అంటే మంచు టైర్లు లేని కార్ల చక్రాలకు చైన్లు తప్పనిసరి. ఆర్-2 అంటే ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పే బండి, దానికి మంచు టైర్లు ఉంటే తప్ప అందరికీ చైన్లు. ఆర్-3 అంటే ఎవరికీ మినహాయింపు లేదు. అంతదాకా వస్తే సాధారణంగా రోడ్డే మూసేస్తారు. ఆల్ వీల్ డ్రైవ్ కారు ఉన్నవాడు ఈ ఘట్టంలో జమీందారు, అద్దం దించి అందరినీ పలకరిస్తూ సాగిపోతాడు. ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పే బండి కూడా బ్రేకు వేస్తే మిగతా బళ్లలాగే జారుతుందన్న సంగతి మొదటి మలుపు దాకా గుర్తుకు రాదు. చైన్లు వేయాల్సినవాళ్లు బురదమంచులో మోకాళ్ల మీద కూర్చుని, ఒకరు ఫోను లైటు పట్టుకోగా, ఒకరు యూట్యూబ్ చూసి చెబుతుండగా, మూడోవాళ్లు ముందు చక్రాలతో నడిచే కారుకు వెనక చక్రాలకు చైన్లు తొడుగుతారు. అయినా నిష్పక్షపాతంగా చెప్పాలంటే, యాత్ర మొత్తంలో పన్నెండు మందీ ఒకే పని మీద, ఒకేచోట, ఒకరినొకరు తిట్టుకుంటూ ఉండేది ఇక్కడే. స్నేహితులతో గడపడం అనే మాటకు తార్కాణం కావాలంటే ఈ అరగంటను చూపించవచ్చు.

కొండ దగ్గర మొదటి మజిలీ అద్దె దుకాణం. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్, పడినప్పుడు ఊడిపోవాలి, మామూలప్పుడు ఊడకూడదు. ఎంత బలానికి ఊడాలన్నది మనిషి బరువు, ఎత్తు, వయసు, బూటు పొడవు, నైపుణ్యం బట్టి దుకాణంవాళ్లు బిగిస్తారు. అందుకోసం ఒక ఫారం నింపాలి. ఆ ఫారంలో బరువు దగ్గర కొందరు తగ్గించి రాస్తారు, దాంతో స్కీ తుమ్మితే ఊడుతుంది. నైపుణ్యం దగ్గర ఒకటి, రెండు, మూడు రకాలుంటాయి. మూడంటే దూకుడుగా జారేవాడు. పక్కన స్నేహితుడు చూస్తుండగా ఒకటి మీద టిక్కు పెట్టడానికి మనసొప్పక మూడు మీద పెట్టినవాడికి స్కీ ఊడదు, మోకాలు తిరుగుతుంది. స్కీయింగ్‌లో ఎక్కువగా దెబ్బతినేది మోకాలేనని కీళ్ల డాక్టర్లందరికీ తెలుసు. చేతికర్ర పట్టుకుని పడితే బొటనవేలు మొదట్లో లిగమెంటు తెగే గాయానికి స్కీయర్ల పేరే పెట్టారు. రెండు స్కీలు వద్దని స్నోబోర్డు తీసుకున్నవాళ్లు మోకాలు బదులు మణికట్టు సమర్పించుకుంటారు.

కొత్తవాళ్లకు పాఠం తిండి భాషలో చెబుతారు. స్కీల ముందు కొసలు దగ్గరికి తెస్తే పిజ్జా ముక్క, ఆగుతుంది. రెండూ సమాంతరంగా పెడితే ఫ్రెంచ్ ఫ్రైస్, పోతుంది. వాలు మీద వేగం అందుకున్నాక పిజ్జా పెట్టమని కింద నుంచి అరిచినా ఫ్రైసే వస్తాయి. అప్పుడు జరిగే పతనంలో రకాలున్నాయి: చతికిలపడటం, బోర్లాపడటం, వెల్లకిలా పడటం, దొర్లడం, ఇంకా జారకముందే నిలబడ్డచోటే కూలబడటం. ఇంత వివరమైన పదజాలం ఉన్న తెలుగులో వాడుకలో మంచుకు మాత్రం ఒకటే మాట. పొద్దున పొగలా కమ్మేదీ మంచే, ఆకు మీద బొట్టూ మంచే, ఆకాశం నుంచి రాలేదీ మంచే. రెండో యాత్ర నుంచి అదే నోళ్లలో పౌడర్ (పొడి మంచు), స్లష్ (నీరుకారే మంచు), సియెర్రా సిమెంట్ (బరువైన తడి మంచు) అనే మాటలు దొర్లుతాయి. సిమెంటు జారుడుబండ దగ్గర బయల్దేరినవాళ్లు తిరిగి సిమెంటు దగ్గరికే చేరడం ఒక విశేషం.

ఇక విడదీత. అమెరికా కొండల మీద దారులకు గుర్తులుంటాయి. ఆకుపచ్చ గుండ్రం తేలిక, నీలి చతురస్రం మధ్యస్థం, నల్ల వజ్రం కష్టం, రెండు నల్ల వజ్రాలు వీలునామా రాసినవాళ్లకు. పన్నెండు మందిలో ఇద్దరు చైర్‌లిఫ్ట్ దగ్గరే "మామా, నువ్వు మెల్లగా రా" అని నల్లవాటి వైపు మాయమవుతారు. నలుగురు నీలి దారిలో పోతారు. మరో నలుగురు మేజిక్ కార్పెట్ అనే కదిలే పట్టా మీద అయిదేళ్ల పిల్లల వెనక వరసలో నిలబడతారు. ఆ పిల్లలు వీళ్లను దాటుకుంటూ జారిపోతారు. మిగిలిన ఇద్దరు లాడ్జిలో అందరి సంచులకూ కాపలా కాస్తూ 10 డాలర్ల కాఫీ తాగుతారు. వాళ్లిద్దరి మధ్యే కాస్త మాటామంతీ జరుగుతుంది. కొత్త మంచు పడిన పౌడర్ రోజున స్నేహితులు ఉండరని స్కీయర్లలోనే ఒక సామెత ఉంది. ఈ వినోదం గురించి దాని అభిమానులు చెప్పిన మాటల్లో పూర్తిగా నిజమైనది ఇదే.

రద్దీ శనివారం లెక్క ఇలా ఉంటుంది. లిఫ్టు వరసలో 20 నిమిషాలు, కుర్చీలో ఎనిమిది, జారడం అయిదు, పడి, లేచి, ఊడిన స్కీ వెతుక్కోవడం మరో అయిదారు. ఆరు గంటల్లో తొమ్మిది పది చుట్లు, అంటే జారింది మహా అయితే 50 నిమిషాలు. ఆదివారం మధ్యాహ్నం ట్రాఫిక్ తప్పించుకోవాలని పెందలాడే బయల్దేరతారు, అదే ఆలోచన అందరికీ వస్తుంది కాబట్టి ట్రాఫిక్ కూడా పెందలాడే మొదలవుతుంది. రానూపోనూ కారులో పది పన్నెండు గంటలు. ఎలక్ట్రిక్ కారు అయితే చలికి బ్యాటరీ చిక్కి, ఛార్జర్ దగ్గర వరస అదనం.

మంచు కరిగాక ఇదే జనం సైకిళ్ల మీద పడతారు. మౌంటెన్ బైకింగ్ పుట్టిల్లు బే ఏరియానే. 1970ల్లో మారిన్ కౌంటీ కుర్రాళ్లు 1930, 40ల నాటి లావు టైర్ల పాత ష్విన్ సైకిళ్లను చవగ్గా సంపాదించి కొండ దారుల్లో దొర్లించారు. ఫెయిర్‌ఫాక్స్ దగ్గర 1976లో మొదలైన పందానికి రీప్యాక్ అని పేరు. ఒక్కసారి దిగేసరికి వెనక బ్రేకు హబ్‌లోని గ్రీజు కాలి పొగైపోయేది, మళ్లీ కూరాల్సి వచ్చేది. జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, టామ్ రిచీ వంటివాళ్లు దానికి తగిన సైకిళ్లు కట్టారు, 1996 నాటికి ఆట ఒలింపిక్స్‌కెక్కింది. పుట్టినచోట మాత్రం, మారిన్‌లోని మౌంట్ టామ్ కొండ సన్నని కాలిబాటల్లో చాలావాటి మీద ఏళ్ల తరబడి సైకిళ్లకు నిషేధం. వెడల్పు దారుల్లో గంటకు 15 మైళ్ల హద్దు. చవగ్గా దొరికిన పాత సైకిలుతో మొదలైన ఆట ఇప్పుడు అయిదారు వేల డాలర్ల కార్బన్ చట్రానికి చేరింది. ముందూ వెనకా స్ప్రింగులు, సీటు కిందికి దించే మీట, కొండ ఎక్కడానికి ప్రత్యేకంగా చిన్న గేర్లు ఉంటాయి. ఆ గేర్ల అవసరం రాకుండా తాహో దగ్గరి నార్త్‌స్టార్ రిసార్టువాళ్లు వేసవిలో సైకిలును కూడా చైర్‌లిఫ్ట్ మీదే పైకి పంపుతారు. అరటి గెల స్థానంలో మనిషి, మనిషి వెనక సైకిలు. స్నేహితుల సంగతి ఇక్కడా మామూలే: ముందువాడు దుమ్ము లేపుతాడు, వెనకవాడు తింటాడు, దిగాక ఇద్దరూ వేగం లెక్కగట్టే స్ట్రావా యాప్ తెరిచి ఎవరు ఎన్ని సెకన్లు ముందో చూసుకుంటారు.

సియెర్రా మంచు కరగకముందే, మార్చిలో, వచ్చే ఏడాది పాసులు తక్కువ ధరకు అమ్మకానికి వస్తాయి. అప్పటికి పన్నెండు మందిలో ఒకరి మోకాలికి పట్టీ ఉంటుంది, ఇద్దరి మధ్య చైన్ల డబ్బు తేలి ఉండదు. గ్రూపు పేరులోని ఏడాది అంకె మారుతుంది. రైస్ కుక్కర్ ఎవరు తేవాలన్న ప్రశ్న వెంటనే వస్తుంది.