ఉప్పు మూట

మా రోజుల్లో నడుం పట్టేస్తే నడుమే చెప్పేదిరా అబ్బాయ్, ఇక చాలు ఆగమని. ఆగేవాళ్ళం. మీరేమో పట్టేసిన సాయంత్రమే మాత్ర వేసుకుని పొద్దున్నే మళ్ళీ కుర్చీలో కూలబడతారు.

పద్దెనిమిదేళ్ళప్పుడు బస్తా ఎత్తబోయి కళ్ళంలోనే వంగిపోయాను. అమ్మ రాళ్ళుప్పు పెనం మీద చిటపటలాడేదాకా వేయించి, పాత పంచె ముక్కలో మూటకట్టి, ముందు తన చెంపకి ఆనించి చూసుకుని, అప్పుడు నా నడుముకి కాపడం పెట్టింది. ఎదురుకాళ్ళతో పుట్టిన మేనత్త వచ్చి మూడుసార్లు కాలితో తాకి వెళ్ళింది. మెడ పట్టేస్తే తలగడ ఎండలో వేసేవాళ్ళం. తలగడ ఎండితే మెడెలా వదులుతుందని అడక్కు, నాకూ తెలీదు. నడుం పట్టేసిందని రోజుల తరబడి మంచం దిగకపోవడం తప్పని ఇప్పటి డాక్టర్లంటున్నారు, ఆ మాట ఒప్పుకుంటాను.

నువ్వు నెలల తరబడి మింగే ఆ మాత్ర నడుం దాకా వెళ్ళి ముడి విప్పుతోందనుకుంటున్నావా? కండరాల బిగువు తగ్గడానికిచ్చే ఈ మందుల్లో చాలావాటికి కండరంతో నేరుగా పనే లేదు. బిగుసుకోమని వెన్నుపాము నుంచి కండరానికి వెళ్ళే కబురుని టిజానిడిన్ తగ్గిస్తుంది. క్లోర్‌జోక్సజోన్ పనీ మెదడులో, వెన్నుపాములోనే. అందుకే ఆ మత్తు, ఆ తూలడం. ఆ మత్తులోనే బండెక్కుతావు! కొత్తగా పట్టేసిన నొప్పికి కొద్ది రోజులు వాడుకోవాల్సినవిరా ఇవి. థయోకాల్చికోసైడ్ మాత్రలు ఏడు రోజులు దాటొద్దని యూరప్ మందుల సంస్థ 2013లోనే చెప్పింది. పాతబడ్డ నడుం నొప్పికి ఏళ్ళపాటు వేసుకుంటే మేలని గట్టి రుజువే లేదు.

ఒక్కచోట మాత్రం ఈ మందుల్ని తప్పుపట్టడానికి నా నోరు పెగలదు. పక్షవాతంతో మా పెదనాన్న పిడికిలి బిగుసుకుపోయి గోళ్ళు అరచేతిలో దిగేవి. పెద్దమ్మ రోజూ ఒక్కో వేలూ విప్పి మధ్యలో మెత్తటి గుడ్డ పెట్టేది. మన వీధి చివరి మాస్టారిదీ అదే జబ్బు. ఆయనకి బాక్లోఫెన్ ఇస్తున్నారు. మూర్ఛకని తయారుచేస్తే ఇలా బిగిసిన కండరాలకి పనికొచ్చిన మందది. ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు కనక డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. మొన్న మాస్టారు నా ముందే చెయ్యి తెరిచి వేళ్ళు చాపాడు. పెద్దమ్మ గుర్తొచ్చి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

నీది ఆ జబ్బు కాదు కదరా. రేపు డాక్టరు దగ్గరికెళ్ళి ఆ మాత్ర ఇంకా కావాలో వద్దో అడుగు. ఇప్పుడైతే ఇలా వచ్చి బోర్లా పడుకో, పెనం పొయ్యి మీదే ఉంది.