నేను అంబాసిడర్ కాయిల్‌ని

పెట్రోలు అంబాసిడర్ బానెట్ ఎత్తి చూడండి. ఇంజన్ దగ్గర బిగించి ఉన్న గుండ్రటి డబ్బాను నేనే, ఇగ్నిషన్ కాయిల్‌ని. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఒరవడిలో పశ్చిమ బెంగాల్ ఉత్తర్‌పాడాలో తయారైన బండి మాది.

నా లోపల ఇనుప రేకుల మీద రెండు తీగలు చుట్టి ఉంటాయి. లావు తీగ చుట్లు వందల్లో, సన్న తీగ చుట్లు వేలల్లో. బ్యాటరీ నుంచి 12 వోల్టుల కరెంటు లావు తీగలో పారి, డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల గుండా బాడీకి చేరుతుంది. పాయింట్లు విడిపోగానే ఆ కరెంటు తెగి, నాలో పేరుకున్న అయస్కాంత బలం ఒక్కసారిగా పడిపోతుంది. అప్పుడే సన్న తీగలో వేల వోల్టులు పుట్టి, రోటార్ మీదుగా 1, 3, 4, 2 వరసలో ప్లగ్గులకు వెళతాయి. ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 100 స్పార్కులు ఇవ్వాలి నేను. ఇస్తాను కూడా!

అయినా బండి మొరాయిస్తే తొలి నింద నాకే. ఆమధ్య మా బండికి ఒక జబ్బు చేసింది. నిలబెట్టి ఉంచితే ఇంజన్ చక్కగా ఆడేది, ఏక్సిలేటర్ తొక్కితే దగ్గి ఆగిపోయేది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు తెచ్చారు.

"కాయిల్ పోయింది మేస్త్రీ గారూ, మార్చేద్దాం" అన్నాడు పని నేర్చుకునే కుర్రాడు.

"ఆగరా అబ్బాయ్. ముందు లైటు పెట్టి చూడు."

బ్రిటిష్ పద్ధతి ప్రకారం స్విచ్ నుంచి నాకు వచ్చే తీగ తెలుపు, నా నుంచి పాయింట్లకు వెళ్ళేది తెలుపు మీద నల్లచార. పాత బండ్లలో చేతికందిన తీగతో అతుకులు వేసేస్తారు కాబట్టి రంగును నమ్మలేం. మేస్త్రి రంగు చూడలేదు. 12 వోల్టుల చిన్న బల్బు తీసుకుని, ఒక కొస పాయింట్ల వైపున్న నా బోల్టుకు, రెండో కొస బాడీకి తగిలించాడు. తాళం ఆన్ చేయించాడు. పాయింట్లు విడి ఉంటే బల్బు వెలగాలి, కలిస్తే ఆరిపోవాలి. అలాగే జరిగింది.

తర్వాత పాయింట్లు కలిసి ఉండగానే, అవి కూర్చున్న ప్లేటును వేలితో కాస్త తిప్పాడు. బల్బు వెలిగింది! పాయింట్లకు వెళ్ళే జానెడు కూడా లేని తీగను చేతిలోకి తీసుకున్నాడు. పైతొడుగు నిగనిగలాడుతోంది. మెల్లగా లాగితే ఒకచోట తొడుగు మాత్రం సాగింది. లోపల రాగి పోగులన్నీ తెగి ఉన్నాయి. ఏక్సిలేటర్ తొక్కినప్పుడల్లా ఇంజన్ పీల్పు, అంటే వాక్యూమ్, ఆ ప్లేటును తిప్పుతుంది. తీగ నలిగీ నలిగీ లోలోపలే తెగింది. నిలబడి ఉన్నప్పుడు పోగుల కొసలు ఆనుకుని పని నడిపించాయి, ప్లేటు కదలగానే ఎడమయ్యాయి.

మెత్తటి కొత్త తీగ వేసి, ప్లేటు తిరగడానికి వీలుగా కొంచెం వదులు ఉంచాడు. బండి ఒక్క దగ్గు లేకుండా లేచింది. నేను నా చోటే ఉన్నాను.

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. మా బండ్లను ప్రేమగా నడుపుకునేవాళ్ళకు నా విన్నపం ఒక్కటే: కరెంటు వచ్చే దారిని వరసగా పరీక్షించండి, ఆ తర్వాతే మమ్మల్ని విప్పండి. ఉన్న మంచి సామానే మా బండికి ఆయుష్షు.