జనవరి ఒకటిన పుట్టిన ఊరు

రేగోడ్ పెద్దమనుషుల ఆధార్ కార్డులను నమ్మాలంటే, ఆ కాలంలో మంత్రసానికి జనవరి ఒకటో తారీఖున ఊపిరి సలిపి ఉండదు. మిగతా ఏడాదంతా ఆమె ఖాళీ. కార్డు తీయించుకునేనాడు "ఏ సంవత్సరం పుట్టినవ్ తాతా?" అని అడిగితే, "రజాకార్ల గడ్‌బడ్ అయినప్పుడు మా అవ్వ కడుపుల ఉన్ననట" అని జవాబు. కంప్యూటర్‌లో రజాకార్ల గడ్‌బడ్‌కు గడి లేదు. ఆపరేటర్ 1948 అని కొట్టాడు. తేదీ చెప్పలేనివాళ్లకు జనవరి ఒకటి దానంతటదే పడింది. ఇది మన ఒక్క మెదక్ జిల్లా ఘనత కాదు. హరిద్వార్ దగ్గర గైండీ ఖాతా అనే ఊరు 2017లో ఇదే జనవరి ఒకటితో పత్రికలకెక్కింది.

నౌకరీ చేసి రిటైరైన సార్లకు ఇంకో పుట్టినరోజు అదనం. బడిలో చేర్చుకున్న పంతులు పిల్లవాడి ఎత్తు చూసి, జూలై ఒకటి అని రాసుకున్నాడు. సర్వీసు బుక్కులో అదే స్థిరపడింది. మూడోది తల్లి చెప్పినది: పీర్ల పండుగ పోయిన తెల్లారి. ముగ్గురూ ఒకే మనిషి. ముగ్గురికీ ఒకటే పింఛను.

ఇన్నాళ్లూ దీనివల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఫైళ్లకు తాళాలు మొదలయ్యాకే వచ్చింది తంటా.

ఈ-ఆధార్ దించుకుంటే ఫైలు తాళం వేసుకుని వస్తుంది. తెరవాలంటే పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, అన్నీ పెద్దబడి, ఆ వెనకే పుట్టిన సంవత్సరం. ఈ రహస్యాన్ని సర్కారే బాహాటంగా చెబుతుంది. ఇంటికి తాళం పెట్టి, చెవి గడప మీద ఉంచి, "చెవి గడప మీద ఉంది" అని తలుపుకు చీటీ అంటించినట్టు. మన రిటైరైన సారు పేరూ ఈడూ ఊళ్లో తెలియనిదెవరికి? తన పేరు కార్డు మీద ఎలా పడిందో తెలియనిది సారు ఒక్కరికే.

ఎందుకంటే మనం ఇంటిపేరు ముందు రాసుకునే జాతి. అదీ ఒక అక్షరంగా కుదించి, పక్కన చుక్క పెట్టుకుంటాం. ఆ చుక్క మీద ఆధార్ సంస్థ లోతుగానే ఆలోచించింది. 1990లో పుట్టిన పి. కుమార్ అనే ఆయన పీ, చుక్క, కే, యూ, 1990 అని కొట్టాలని ఉదాహరణ ఇచ్చి మరీ చెప్పింది. చుక్క లెక్కకొస్తుంది. అదే సాయి కుమార్ అయితే ఎస్, ఏ, ఐ, కే. రెండు మాటల మధ్య ఖాళీ లెక్కకు రాదు. మనిషికి ఆధార్, ఆధార్‌కు చుక్క ఆధారం. ఆ చుక్క పెట్టిన ఆపరేటర్ ఎక్కడున్నాడో, అసలు పెట్టాడో లేదో ఎవరికెరుక?

ఆదాయపు పన్ను శాఖది ఇంకో తరీఖా. అక్కడి నుంచి వచ్చే సమాచారపు ఫైలుకు పాన్ నంబరులోని అక్షరాలు చిన్నబడిలో, తర్వాత పుట్టిన తేదీ, నెల, సంవత్సరం. ఒక శాఖకు పెద్దబడి కావాలి, ఇంకో శాఖకు చిన్నబడి. మధ్యలో ఆ అక్షరాల బొత్తం ఎక్కడుందో డెబ్బై ఏడేళ్ల సారు వెతకాలి. కొన్ని బ్యాంకులైతే ఫోన్ నంబరులో చివరి ఐదంకెలకు పుట్టిన తేదీ కలపమంటాయి. ఏ ఫోన్? కొడుకు దుబాయి పోయే ముందు ఇచ్చిపోయిన నంబరు. రీచార్జి లేక తొంభై రోజులు మూలకు పడుంటే కంపెనీ ఆ నంబరును తీసేసుకోవచ్చు, కొన్నాళ్లకు ఇంకొకరికి ఇవ్వచ్చు. అంటే సారు ఓటీపీలు కొన్ని ఇప్పుడు ఏ ఊళ్లోనో ఎవరికో క్రమం తప్పకుండా అందుతున్నాయి. పాపం, ఆయన వాటినేం చేసుకుంటాడో!

పాస్‌వర్డ్ మరిచిపోతే భద్రతా ప్రశ్న ఉండనే ఉంది. మీరు ఏ రాష్ట్రంలో పుట్టారు? సారు నిజాం సంస్థానంలో పుట్టారు. నడక నేర్చేసరికి అది హైదరాబాద్ రాష్ట్రం. బడికి పోతుండగా 1956లో ఆంధ్రప్రదేశ్ అయింది. రిటైరై ఇంట్లో కూర్చున్నాక 2014లో తెలంగాణ. సారు రేగోడ్ దాటింది లేదు, రాష్ట్రాలే వచ్చి పోయాయి. జిల్లా అడిగితే అదో చిక్కు. దశాబ్దాలపాటు మన జిల్లా పేరు మెదక్, కలెక్టరు కూర్చునేది సంగారెడ్డిలో. 2016 దసరా నాడు సంగారెడ్డి విడిపోతే కలెక్టరు మెదక్‌కు వచ్చారు. ఖాతా తెరిచిన రోజు సారు ఏ జవాబు రాశారో ఆ ఖాతాకే తెలుసు. అది చెప్పదు.

ఈ పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, గుర్తు అనే పురాణానికి ఒక వ్యాసుడున్నాడు. అమెరికా ప్రమాణాల సంస్థలో పనిచేసిన బిల్ బర్. 2003లో ఆయన రాసిన మార్గదర్శకాలే లోకమంతా పాకాయి. తరచూ మార్చాలన్నదీ అక్కడి నుంచే. 2017లో, డెబ్బై రెండేళ్ల వయసులో, తాను చెప్పినదానిలో చాలామటుకు తప్పని ఒక పత్రిక ముందు విచారం వెలిబుచ్చాడు. అదే ఏడు ఆ సంస్థ కూడా ఆ నియమాలను పక్కన పెట్టింది. ఆయన పశ్చాత్తాపం రేగోడ్‌కు ఇంకా చేరలేదు. ఎక్కిన బస్సు జోగిపేటలో ఆగినట్టుంది.

ఇవన్నీ విడి ఫైళ్ల సంగతులు. కంప్యూటర్ మొత్తానికే తాళం పడితే? కొడుకు పంపిన కొత్త ల్యాప్‌టాప్‌లో సారు మనవరాలి పెళ్లి ఫొటోలు, భూమి కాగితాల స్కాన్లు పెట్టుకున్నారు. ఒకనాడు అప్‌డేట్ పడింది. నీలం తెర వచ్చి నలభై ఎనిమిది అంకెల రికవరీ కీ అడిగింది. దాని పేరు బిట్‌లాకర్. కొత్త విండోస్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో తెరిచిన చాలా ల్యాప్‌టాప్‌లకు ఈ తాళం తనంతట తానే పడుతుంది. వేశామని గట్టిగా చెప్పేవాడుండడు. కీ ఎక్కడుందంటే ఆ ఖాతాలో. ఖాతా పాస్‌వర్డ్ ఎక్కడుందంటే, సారు జాగ్రత్తపరులు కనుక, ల్యాప్‌టాప్‌లోనే ఒక ఫైల్లో. దొంగ ఎత్తుకుపోతే ఫైళ్లు భద్రంగా ఉండాలని చేసిన ఏర్పాటట. దొంగ ఇంకా రాలేదు. ఫైళ్లు మాత్రం సారు నుంచి పూర్తి భద్రంగా ఉన్నాయి.

ఇలా చిక్కుకున్న పెద్దలందరికీ దిక్కు జిరాక్స్ షాపు పిల్లవాడే. వాడి దగ్గర అట్ట చిరిగిన రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఉంది. ఎవరి పేరులో చుక్క ఉందో, ఎవరిది ఏ పుట్టినరోజు ఏ ఆఫీసులో చెల్లుతుందో, ఎవరి ఓటీపీ ఏ కోడలి ఫోన్‌కు పోతుందో అందులో ఉంటుంది. "కాకా, నీకు బ్యాంకుల జూలై ఒకటి, ఆధార్ల జనవరి ఒకటి. కలుపకు" అని వాడు చెప్పేస్తాడు. కాక తల ఊపుతాడు. ప్రభుత్వాలు, బ్యాంకులు, అమెరికా కంపెనీలు కలిసి కట్టిన కోటకు అసలు చెవి ఆ నోట్‌బుక్కే. పిల్లవాడు మంచివాడు కాబట్టి సరిపోయింది. రేపు వాడికి హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తే మండలమంతటికీ తాళం పడుతుంది. ఈ పని పిల్లవాడికి అప్పజెప్పిన పెద్దలను తప్పుపట్టేవాళ్లు, పోస్టాఫీసులోనో బ్యాంకులోనో ముసలాయన పక్కన పది నిమిషాలు కూర్చునే మనిషి ఒక్కణ్ని చూపించాలి. "యాప్‌ల ఉంటది సార్" అన్న జవాబు సాయం కిందికి రాదు.

నిజానికి సారుతో ఓపిగ్గా మాట్లాడేవాడు ఇంకొకడున్నాడు. వాడు ఫోన్ చేస్తాడు. సార్ అనే అంటాడు. కళ్లద్దాలు వెతుక్కుంటుంటే ఆగుతాడు. పుట్టిన తేదీ అడగడు, వాడి దగ్గర ముందే ఉంటుంది. కేవైసీ గడువు అయిపోతోందని, ఆరంకెలు వస్తాయి చెప్పండని మర్యాదగా అడుగుతాడు. సొంత ఫైళ్లకు మూడు పుట్టినరోజులు తడుముకున్న సారు, వాడికి ఒక్క తప్పు లేకుండా ఆరంకెలూ చదివి వినిపించారు.

పైసలు పోయాక ఎవరో 1930కి ఫోన్ చేయమన్నారు. చేశారు. ఆ నంబరు మంచిదే, వెంటనే చేస్తే పోయే డబ్బును దారిలో ఆపే అవకాశముంది. ఫిర్యాదుకు బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేయాలన్నారు. స్టేట్‌మెంట్ సారు మెయిల్‌కు వచ్చింది, తాళంతో సహా. పిల్లవాడు నోట్‌బుక్ తిరగేసి, "సార్, బ్యాంకుల ఇచ్చిన పాత నంబరు చివరి ఐదంకెలు యాదికున్నయా?" అన్నాడు.

"నాకేడ యాదుంటది బిడ్డా. ఆ ఫోన్ చేసినోనికి ఎరుకే ఉంటది. మల్ల చేస్తే అడుగు."