నన్ను కోసేశారు, సరే!

పంజాగుట్ట దాటి బేగంపేట వైపు వెళ్లే దారిలో, రోడ్డును కొంత మింగి నిలబడ్డ ఇనుప కంచెను నేను. 2016 నవంబరులో నా వెనక భవనం ప్రగతి భవన్ పేరుతో ముఖ్యమంత్రి కేసీఆర్ క్యాంపు కార్యాలయమైంది. అమీర్‌పేట, పంజాగుట్ట ట్రాఫిక్ నన్ను తిట్టుకుంటూనే కదిలేది. తిట్టినవాళ్లలో పెద్దలూ ఉన్నారు. 2021 జూన్‌లో టీఆర్‌ఎస్‌ను వీడుతూ ఈటల రాజేందర్, మంత్రిగా ఉండగానే తనను గేటు దగ్గర ఆపేశారని బాహాటంగా చెప్పారు. 2023 డిసెంబరు 7న, రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే, నన్ను గ్యాస్ కట్టర్లతో కోసేశారు. జనం సంబరపడ్డారు. నాకు మాత్రం ఒకటే సందేహం: శాసనసభ్యుడు ఏలిక గేటు ముందు పడిగాపులు పడటమేమిటి? కాగితాలు పట్టుకుని అతను కూర్చునే శాసనసభ కమిటీ ముందుకు రావలసింది ప్రభుత్వం కదా!

సభ ఏడాదిలో కూర్చునేది కొద్ది రోజులే. మిగతా కాలమంతా నిలదీయవలసినవి కమిటీలు. కాగ్ తప్పుపట్టిన ఖర్చుకు శాఖ సంజాయిషీ రాసివ్వాలి, ప్రజాపద్దుల కమిటీ దాన్ని తరచి చూడాలి. పార్లమెంటు పద్ధతిలో ఆర్థిక కమిటీల ముందుకు మంత్రిని పిలవరు, కార్యదర్శి వస్తారు. మంత్రికే పట్టనప్పుడు కార్యదర్శికి తొందరేముంటుంది? గట్టిగా అడగాలంటే ఛైర్మన్ ప్రతిపక్షం మనిషి కావాలి. లోక్‌సభలో 1967 నుంచీ అదే ఆనవాయితీ. మన దగ్గర 2019లో 12 మంది కాంగ్రెస్ సభ్యులు టీఆర్‌ఎస్‌లో కలిశాక, ఆ పదవి పాలకపక్షంతో స్నేహంగా మెలిగిన మజ్లిస్‌కు దక్కింది. 2024 సెప్టెంబరులో అరెకపూడి గాంధీకి ఇచ్చారు. టీఆర్‌ఎస్ పేరు మారి బీఆర్‌ఎస్ అయ్యాక ఆ టికెట్టు మీద గెలిచిన ఆయన కాంగ్రెస్‌లోకి వెళ్లారని బీఆర్‌ఎస్సే గొడవ చేసింది. అంటే నేనున్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఇప్పుడది ప్రజాభవన్, మంగళ, శుక్రవారాల్లో ప్రజావాణి పెట్టారు కదా అంటారు. మంచిదే. కానీ అర్జీదారు మీద దయ చూపవచ్చు, చూపకపోవచ్చు. కమిటీకి జవాబు మాత్రం బాకీయే. కమిటీలు రాజకీయం చేస్తాయి, అధికారుల పొద్దు తింటాయి అన్న మాటలోనూ కొంత నిజం లేకపోలేదు. భద్రతకు చేటు తెచ్చే పత్రాన్ని ఇవ్వకుండా ఉండే వీలు లోక్‌సభ నియమాల్లోనే ఉంది. అయితే ఇవ్వలేమని రాసి చెప్పడం వేరు, లేఖ అందనట్టు ఊరుకోవడం వేరు. స్పీకర్ గారూ, ఏ శాఖ ఏ కమిటీకి ఎన్నాళ్లుగా జవాబివ్వలేదో సమావేశాల మొదటిరోజునే సభలో చదివించండి.